ఒడ్డున పెట్టిన బోటు ఫ్యానుకి ఏం తొడుగుతున్నారు? మా పిల్లాడి కాలు తెగింది

ఉప్పాడతీరం:
అందరికీ నమస్కారం. మాది ఉప్పాడ. నాన్న, బాబాయి కలిసి ఒక ఫైబర్ తెప్ప నడుపుతారు, లాంగ్ టెయిల్ డీజిల్ ఇంజను, అంటే పొడుగాటి షాఫ్టు చివర ఫ్యాను (ప్రొపెల్లర్) ఉండేది. నేను కాకినాడలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు ఇంటికి వెళ్తుంటాను.

మొన్న ఆదివారం చీకటి పడే వేళకి పిల్లలు తెప్పల మధ్య దాగుడుమూతలు ఆడుతున్నారు. మా అక్క కొడుకు, ఎనిమిదేళ్ళవాడు, పరిగెత్తుకొచ్చి మా తెప్ప వెనక పొడుచుకొచ్చి ఉన్న ఫ్యానుకి తగులుకున్నాడు. మోకాలి కింద ముందు ఎముక మీద తెగింది. ఏడు కుట్లు పడ్డాయి. వాడు ఏడవలేదు, బిగుసుకుపోయి నిలబడ్డాడు, అదే నాకు ఇంకా భయం వేసింది.

తర్వాత టార్చి వేసి చూశాను. కొత్తది తెచ్చినప్పుడు రెక్క అంచు రూపాయి బిళ్ళంత మందం ఉండేది. రెండేళ్ళు ఒడ్డు దగ్గర ఇసక నీళ్ళలో తిరిగి తిరిగి ఇప్పుడు కత్తిపీటలా తయారైంది. వేలు అడ్డంగా ఆనిస్తే చాలు చర్మం పట్టుకుంటోంది.

మీరెవరైనా ఒడ్డున ఉన్నప్పుడు ఫ్యానుకి ఏదైనా తొడుగు వేస్తున్నారా? ఎక్కడైనా దొరుకుతుందా, మనమే చేసుకోవాలా? నాన్నని అడిగితే "నలభై ఏళ్ళుగా ఇలాగే పెడుతున్నాం" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, కానీ ఊరుకోబుద్ధి కావడం లేదు.

లంగరు72:
ముందు పిల్లాడు ఎలా ఉన్నాడో చెప్పండి. టీటీ ఇంజెక్షన్ వేయించారా?

మీ నాన్నగారు చెప్పింది అబద్ధం కాదు, కానీ నలభై ఏళ్ళ కింద ఉప్పాడ ఒడ్డు వేరు. అప్పట్లో ఇళ్ళకీ తెప్పలకీ మధ్య బోలెడు ఇసక ఉండేది. సముద్రం కోసుకుంటూ వచ్చి ఇప్పుడు తెప్ప పెట్టాలంటే ఇంటి గోడకో రోడ్డుకో ఆనించి పెట్టాల్సిందే. పిల్లలు ఆడుకునే చోటూ అదే, ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టే చోటూ అదే. ఫ్యాను ఎక్కడికీ జరగలేదు, మనుషులే దాని దగ్గరికి వచ్చిపడ్డారు.

డెల్టాడాక్టర్:
నేను కాకినాడ దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో పని చేస్తాను. ఇలాంటి గాయాలు చూస్తూనే ఉంటాను కాబట్టి తొడుగు సంగతి కన్నా ముందు గాయం సంగతి చెప్తాను.

సముద్రపు నీరు, చేపల జిగురు అంటిన లోహంతో తెగితే మామూలు గాయంలా చూడకూడదు. ఉప్పునీళ్ళలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది, వేసవిలో నీళ్ళు వేడెక్కితే ఇంకా ఎక్కువ. చాలామందికి ఏమీ కాదు కానీ షుగర్ ఉన్నవాళ్ళకి, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి అది చాలా ప్రమాదం. తెగిన వెంటనే ధారగా పడే మంచినీళ్ళ కింద బాగా కడగాలి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోవాలి, ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు, కాఫీ పొడి, కిరసనాయిలు, ఇంజనాయిలు ఏదీ పెట్టకండి, దయచేసి. అవన్నీ గీకి తీయడానికే మాకు అరగంట పడుతుంది, పిల్లాడికి అది ఇంకో నరకం. కొన్ని గంటల్లోనే వాపు పాకుతున్నా, గాయానికి మించిన నొప్పి ఉన్నా, జ్వరం వచ్చినా మర్నాటి దాకా ఆగొద్దు.

ఉప్పాడతీరం:
డాక్టర్ గారూ చాలా థాంక్స్. టీటీ వేశారు, యాంటీబయాటిక్ ఇచ్చారు, జ్వరం లేదు. కాఫీ పొడి మాత్రం పక్కింటి పెద్దావిడ అప్పటికే పెట్టేసింది, పాపం మంచి మనసుతోనే. ఆసుపత్రిలో కడిగేటప్పుడే వాడు మొదటిసారి ఏడ్చాడు.

పులికాట్ చిన్నోడు:
అన్నా మేమైతే గోనె సంచి చుట్టి తాడు కడతాం. ఖర్చు లేదు. మా తాతల నుంచీ అదే.

భీమిలి స్పానర్:
నేను భీమిలి దగ్గర బోటు ఇంజన్లు బాగు చేస్తాను, ఇరవై ఏళ్ళ పైమాటే. గోనె సంచి మీద నాకు కోపం ఉంది, ఎందుకో చెప్తాను.

ఒకటి, ఉప్పు నీళ్ళు పీల్చుకుని రాత్రంతా లోహానికి అంటుకుని ఉంటుంది. అల్యూమినియం ఫ్యాను అయితే తెల్లగా పొడి రాలుతూ గుంటలు పడుతుంది. రెండు, ఆ రెక్క గోనెని వారంలో కోసేస్తుంది, అంచు బయటికి వచ్చేస్తుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. గోనె కప్పితే అది మెత్తగా కనిపిస్తుంది. పిల్లలు దాని మీద కూర్చుంటారు, చెయ్యి ఆనిస్తారు, మనిషి జారితే దాన్నే పట్టుకుంటాడు. బోసిగా ఉన్న ఫ్యానుని చూస్తే కనీసం జాగ్రత్త పడతాడు. దాచిపెట్టిన అంచు బయట ఉన్న అంచు కన్నా ప్రమాదం తమ్ముడూ.

ఇంకొందరు పాత టైరు తగిలిస్తారు. అంత బరువు షాఫ్టు చివర వేలాడితే షాఫ్టుని పట్టి ఉంచే బుష్ ఒక పక్కకి అరుగుతుంది. పైగా వాన పడితే టైర్లో నీళ్ళు నిలిచి దోమలు.

కాబట్టి కావాల్సింది గట్టిగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, నీళ్ళు కారిపోవాలి, దూరానికి కనబడాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ళకి 20 లీటర్ల పెయింటు డబ్బా చెప్తాను. పది అంగుళాల ఫ్యాను అందులో సుఖంగా పడుతుంది. పన్నెండు అంగుళాలది అయితే పట్టదు, నీలం డ్రమ్ము సగానికి కోసి వాడాలి. ఫ్యాను వెనక నుంచి డబ్బా తొడిగి, అంచుకి రెండు పక్కలా చిల్లులు పెట్టి, తాడుతో షాఫ్టుకి కట్టెయ్యడమే. అడుగున నాలుగు చిల్లులు నీళ్ళు పోవడానికి. రెక్కలు డబ్బాకి కొట్టుకోకుండా లోపల పాత వల ముక్క ఉండలా చుట్టి పెట్టండి. బయట లారీల వెనక అంటించే మెరిసే స్టిక్కరు రెండు వరసలు. అయిపోయింది.

ఉప్పాడతీరం:
మా ఫ్యాను కొలిచాను, పదిన్నర. పెయింటు డబ్బా సరిపోయేలా ఉంది. అయితే ఎండకి పెళుసెక్కిపోదా?

భీమిలి స్పానర్:
ఎక్కుతుంది. ఒక వేసవి, మహా అయితే రెండు. వేలితో నొక్కితే తెల్లగా గీత పడిందంటే మార్చెయ్యండి. డబ్బా పాతదే కదా, దాని మీద మమకారం దేనికి.

లంగరు72:
స్పానర్ గారూ, అసలు ఫ్యానే విప్పి ఇంటికి తీసుకెళ్ళిపోతే? నేనైతే ఏప్రిల్ 15న ప్రభుత్వ నిషేధంతో వేట ఆగగానే నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ను తీసి, నట్టు విప్పి, ఫ్యాను అటక మీద పెట్టేస్తాను. జూన్ 14 దాకా 61 రోజులు దానితో పనేముంది? మాది ఇత్తడి ఫ్యాను, ఒడ్డున వదిలేస్తే పాత సామాన్ల కొట్టుకి చేరిపోతుంది కూడా.

ఇంకో సంగతి గమనించారా. వేట ఆగే రోజులూ బడి సెలవులూ దాదాపు ఒకటే. ఏడాది మొత్తంలో తెప్పలన్నీ ఒడ్డున ఉండేదీ అప్పుడే, పిల్లలందరూ ఒడ్డున ఉండేదీ అప్పుడే. తక్కినప్పుడు తెప్ప తెల్లారుజామున వెళ్ళిపోతుంది, పిల్లాడు తొమ్మిదింటికి బడికి వెళ్ళిపోతాడు, ఇద్దరూ ఎదురుపడరు.

భీమిలి స్పానర్:
మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటాను. రెండు నెలలు ఆగే తెప్పకి ఫ్యాను విప్పడమే మంచిది. విప్పాక షాఫ్టు మర మీద గ్రీజు బాగా పూసి పైపు ముక్కో ప్లాస్టిక్ సీసానో బోర్లించి కట్టండి, ఆ మర కూడా కాలు గీరుతుంది. ఫ్యాను షాఫ్టు మీద జారకుండా పట్టే కీ ముక్క పారేసుకోకండి, నట్టుతో కలిపి తీగకి కట్టి పెట్టుకోండి. పన్లో పనిగా ఫ్యాను అంచులో నొక్కులు ఉంటే ఆకురాయితో సమంగా రాయించుకోవచ్చు, నొక్కులతో తిప్పితే వణుకు పుట్టి బుష్ పోతుంది. రాయించేటప్పుడు చివర పదును పెట్టకుండా కొంచెం గుండ్రంగా వదలమనండి.

కానీ రోజూ వెళ్ళొచ్చే తెప్పకి ప్రతి సాయంత్రం విప్పలేరు. రోజూ విప్పి బిగిస్తే మర పోతుంది. వాళ్ళకి డబ్బానే.

టెక్సాస్ తెలుగు:
నాది రాజమండ్రి, ఇరవై ఏళ్ళుగా టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడ చెరువుల్లో చేపలు పట్టడానికి నాకో చిన్న బోటు ఉంది, ట్రెయిలర్ మీద ఇంటి ముందు పెడతాం. స్టీల్ ఫ్యాను అయితే అంచు కొత్తదే చాలా పదునుగా ఉంటుంది. వాటికి తొడిగే సంచులు ఇక్కడ దుకాణాల్లో దొరుకుతాయి, కాషాయం రంగువి, మందపాటి గుడ్డవి, వెనక వచ్చే కారు లైటు పడితే మెరిసే పట్టీతో. రోడ్డు మీద వెళ్ళేటప్పుడు వెనకవాడికి కనబడటానికీ, గ్యారేజీలో మన కాళ్ళు కాపాడుకోవడానికీ. స్పానర్ గారి డబ్బా వాటికంటే గట్టిదనే నా అభిప్రాయం, గుడ్డ సంచి రెండో సీజన్‌కి చిరుగుతుంది.

కానీ ఒక పెద్ద విషయం. ఒడ్డున తెగిన కాలికి ఏడు కుట్లతో పోయింది. నీళ్ళలో తిరిగే ఫ్యాను సంగతి వేరు. మూడు రెక్కల ఫ్యాను నిమిషానికి 3200 చుట్లు తిరిగితే లెక్కకట్టండి, సెకనుకి 53 చుట్లు, మూడు రెక్కలు, అంటే సెకనుకి 160 దెబ్బలు. పది అంగుళాల ఫ్యాను 2500 చుట్లు తిరిగినా రెక్క కొస గంటకి 120 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. "అయ్యో" అని చెయ్యి వెనక్కి లాక్కునే టైము ఉండదు. దానికి కూడా ఏదైనా కట్టాలని ఆలోచించారా?

పులికాట్ చిన్నోడు:
నీళ్ళలో ఉన్నప్పుడు చుట్టూ ఇనుప బోను కట్టేస్తే పోలా?

గోల్డ్‌కోస్ట్ తమ్ముడు:
నేను ఆస్ట్రేలియాలో ఉంటాను. ఇక్కడ బీచ్‌లో మునిగిపోయేవాళ్ళని కాపాడే సర్ఫ్ లైఫ్ సేవింగ్ వాళ్ళ చిన్న రబ్బరు బోట్లకి ఫ్యాను చుట్టూ గార్డు ఉంటుంది. వాళ్ళ పనే ఈతగాళ్ళ మధ్యకి వెళ్ళడం కాబట్టి అది కావాల్సిందే. నేను దగ్గరగా చూశాను, ఫ్యాను చుట్టూ రింగు, దానికి అడ్డంగా పట్టీలు.

భీమిలి స్పానర్:
ఆ బోటు పని వేరు, మన తెప్ప పని వేరు. నేను బోను ప్రయత్నించినవాణ్ణే, అనుభవంతో చెప్తున్నాను. ఒకాయన అడిగితే పది మిల్లీమీటర్ల ఇనుప కడ్డీతో బోను చేసి షాఫ్టు బయటి పైపుకి వెల్డింగ్ పెట్టించాం. మొదటి వారం బాగానే ఉంది. రెండో వారం తెగిపోయిన వల ముక్క ఒకటి బోనులో ఇరుక్కుంది. మామూలుగా అయితే షాఫ్టు పైకి ఎత్తి కత్తితో కోసేస్తారు. బోను ఉండేసరికి చెయ్యి లోపలికి పట్టదు, కడ్డీల మధ్య నుంచి కోయాల్సి వచ్చింది, అలల్లో. మనిషి అరచెయ్యి చీరుకుంది. ఎవరి చెయ్యి కాపాడటానికి కట్టామో అదే చెయ్యి. ఆ సాయంత్రమే కోసి పారేశాం. నాకు ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

డీజిల్ కూడా ఎక్కువ తాగింది. నీళ్ళని తోసుకుంటూ పోయే ప్రతి కడ్డీ బ్రేకులాంటిది.

టెక్సాస్ తెలుగు:
అమెరికాలో కూడా ఈ వాదన దశాబ్దాలుగా నడుస్తోంది. 1989లో కోస్ట్ గార్డ్ సలహా మండలి, అన్ని బోట్లకీ గార్డు తప్పనిసరి చెయ్యొద్దని చెప్పింది. వేగంగా పోయే బోటుకి గార్డు తగిలిస్తే రెక్క కోయదు గానీ ఆ గార్డే రోకలిలా కొడుతుందన్నది ఒక కారణం. కంపెనీలు ఆ కాగితం పట్టుకుని కోర్టుల్లో చాలాకాలం వాదించాయి, ప్రభుత్వమే వద్దంది కదా అని. 2002లో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదంది. ప్రభుత్వం నియమం పెట్టకపోవడమంటే బాధితులు కేసు వేయకూడదని కాదు అని తీర్పిచ్చింది. నాకైతే ఆ తీర్పు చాలా న్యాయంగా అనిపిస్తుంది.

2021 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ 26 అడుగుల లోపు మోటారు బోట్లు వేగంగా నడిపేటప్పుడు ఇంజను ఆపే తాడు నడిపేవాడి ఒంటికి తగిలించుకోవాలని చట్టం వచ్చింది. మనిషి పడిపోతే తాడు లాగుతుంది, ఇంజను ఆగుతుంది, అంతే. ఫ్యానుకి బోను కట్టడం కన్నా ఫ్యాను తిరక్కుండా చెయ్యడం మేలని నా నమ్మకం.

లంగరు72:
మన డీజిల్ ఇంజనుకి అలాంటి స్విచ్ ఉండదు కదండీ.

భీమిలి స్పానర్:
స్విచ్ ఉండదు, ఆపే లివర్ ఉంటుంది, డీజిల్ కట్ అయ్యేది. ఆ లివర్‌కి నైలాన్ తాడు కట్టి రెండో కొస నడిపేవాడి నడుముకి ముడి వేసుకోవచ్చు, లాగితే లివర్ ఆపే వైపు పడేట్టు చూసుకోవాలి. నేను ముగ్గురికి చేసిచ్చాను. ఒకాయన వాడుతున్నాడు, ఇద్దరు వల లాగేటప్పుడు అడ్డమని విప్పేశారు. వల లాగేటప్పుడు ఎలాగూ ఇంజను ఆపాలి, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు.

మన లాంగ్ టెయిల్‌లో అసలు గండం ఇంకోటి ఉంది. చాలా ఇంజన్లకి క్లచ్ ఉండదు. ఇంజను తిరిగితే ఫ్యాను తిరుగుతుంది. అందుకని ఒడ్డు అలల్లో షాఫ్టు గాల్లోకి ఎత్తి పెట్టి స్టార్ట్ చేస్తారు, తర్వాత నీళ్ళలోకి దించుతారు. ఆ మధ్యలో ఫ్యాను గాల్లో తిరుగుతుంటే నడుం లోతు నీళ్ళలో తెప్పని పట్టుకుని ఇద్దరు నిలబడి ఉంటారు. ఒక పెద్ద అల చాలు. దయచేసి పట్టుకునేవాళ్ళు ముందు పక్క నిలబడండి, వెనక వైపు ఎవ్వరూ వద్దు. నాకు తెలిసి డబ్బు ఖర్చు లేని జాగ్రత్త ఇదొక్కటే, దీని మీద ఎంత అరిచినా తప్పులేదు.

లంకమ్మాయి:
నేను కోనసీమ లంక గ్రామం నుంచి. మాకు సముద్రం లేదు, గోదావరి పాయ దాటాలి, రోజూ ఇంజను పడవ. మీరందరూ ఫ్యాను గురించి మాట్లాడుతున్నారు, నేను షాఫ్టు గురించి చెప్పాలి.

మా రేవులో ఒకప్పుడు నడిచిన ఒక పడవలో ఇంజను మధ్యలో ఉండేది, షాఫ్టు అడుగు పలకల మీదుగా వెనక్కి పోయేది. దాని మీద చెక్క అడ్డం పెట్టేవాళ్ళు, ఎప్పుడూ ఒక చెక్క ఊడి ఉండేది. ఇంటర్ చదివేటప్పుడు నా పక్కన కూర్చున్న స్నేహితురాలి చున్నీ కొస ఆ సందులో పడింది. చుట్టుకోవడం కూడా కనబడలేదు, ఒక్కసారి మెడ కిందికి లాగేసింది. పడవ నడిపే మావయ్య ఇంజను ఆపడం, పిన్నీసు ఊడి చున్నీ భుజం మీద నుంచి జారిపోవడం ఒకేసారి జరిగాయి. మెడ చుట్టూ ఎర్రగా గీత పడింది, నెల రోజులు ఉంది. ఆ రోజు ముడి వేసుకుని ఉంటే ఏమయ్యేదో మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకోం.

తర్వాత తెలిసింది, బ్రెజిల్‌లో అమెజాన్ నది మీద ఇది ఎంత పెద్ద కష్టమో. అక్కడా ఇలాంటి చిన్న పడవలే, తెరిచి ఉన్న షాఫ్టే. పడవలో చేరిన నీళ్ళు తోడటానికి వంగిన ఆడపిల్లల పొడుగు జుట్టు షాఫ్టుకి చుట్టుకుని తల మీద చర్మం మొత్తం ఊడి వచ్చేస్తుంది. అంతమందికి జరిగింది కాబట్టే 2009లో అక్కడ చట్టం చేశారు, ఇంజను, షాఫ్టు, తిరిగే ప్రతి భాగం కప్పాల్సిందేనని. జడ వేసుకునే మనకి అది అర్థం కావడానికి పెద్ద వివరణ అక్కర్లేదు. మన రేవుల్లో పడవ ఎక్కే ఆడవాళ్ళు అందరూ ఒకసారి కాళ్ళ కింద చూడండి. చెక్క ఊడి ఉంటే ఎక్కొద్దు, గొడవ పెట్టండి.

డెల్టాడాక్టర్:
లంకమ్మాయి గారూ, ఇది చెప్పినందుకు థాంక్స్. చీర కొంగు, చున్నీ, లుంగీ అంచు, జడ, ఇవి బండి చక్రంలో పడి వచ్చే కేసులు మాకు వారానికి ఒకటైనా ఉంటాయి. పడవ షాఫ్టుకీ అదే జరుగుతుంది, కాకపోతే చుట్టూ నీళ్ళు, ఆసుపత్రి దూరం. ఊడిన చర్మాన్ని పారెయ్యకుండా శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరుని ఐసు నీళ్ళలో ఉంచి తీసుకురండి. ఐసు నేరుగా తగలకూడదు. వేళ్ళు తెగినా ఇంతే.

ఉప్పాడతీరం:
చాలా నేర్చుకున్నాను. డబ్బా తొడిగాం. కానీ కొత్త సమస్య వచ్చింది.

ఒడ్డున మాకు తెలిసినవాళ్ళ తెప్ప ఒకటుంది. నేను చేసింది చూసి వాళ్ళూ డబ్బా పెట్టారు, మరమ్మతు చేసి ఇంజను పరీక్షిద్దామని పగలే స్టార్ట్ చేశారు, డబ్బా తీయడం మర్చిపోయారు. ఒక్క చప్పుడు. డబ్బా ముక్కలై ఎగిరింది, లోపల పెట్టిన వల ఫ్యానుకి బిగుసుకుంది. పక్కన నిలబడ్డ కుర్రాడి చెవి పక్క నుంచి ముక్క వెళ్ళింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ "నీ వల్లే" అన్నట్టు చూశారు నన్ను. నిజంగా నా తప్పే, మర్చిపోతే ఏంటని నేను ఆలోచించలేదు. జూన్ 15 తెల్లారుజామున మూడింటికి నిద్రమత్తులో అందరూ మర్చిపోతారు.

టెక్సాస్ తెలుగు:
తొడుగు నుంచి ఎర్ర రిబ్బన్ ఒకటి ఇంజను దాకా లాగి కట్టండి, ఇంజను దగ్గర చెయ్యి పెట్టగానే తగిలేట్టు. విమానం ఆగి ఉన్నప్పుడు తొడిగే మూతలకి అలాగే ఎర్ర పట్టీలు వేలాడదీస్తారు.

భీమిలి స్పానర్:
రిబ్బన్ చీకట్లో కనబడదు. ఇంజను తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిల్‌ని డబ్బాకి కట్టెయ్యండి.

ఉప్పాడతీరం:
స్పానర్ గారూ, మీరు ఈ మాట రాసిన రోజు రాత్రి అమ్మకి చదివి వినిపించాను. అమ్మ అంది, "కట్టడం దేనికి, హ్యాండిల్ డబ్బా లోపలే పడేయండి. హ్యాండిల్ కావాలంటే డబ్బా తియ్యాలి కదా."

నాన్న పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి టార్చి తీసుకుని తెప్ప దగ్గరికి వెళ్ళారు. హ్యాండిల్‌ని వల ముక్కలో చుట్టి డబ్బాలో పెట్టి, ఫ్యానుకి తొడిగి, తాడు ఆయనే కట్టారు. మేం వేసే ముడి కాదు, చీకట్లో ఒక్క లాగుకి ఊడే ముడి.

భీమిలి స్పానర్:
అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఇరవై ఏళ్ళ నుంచి స్పానర్ పట్టుకున్నాను, నాకు తట్టలేదు. తాడుతో స్టార్ట్ చేసే ఇంజన్లకి ఆ తాడు లోపల పెట్టొచ్చు. ఇకనుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ ఇదే చెప్తాను.

పులికాట్ చిన్నోడు:
మా తెప్పకి గోనె తీసేశాను అన్నా. స్పానర్ అన్న చెప్పాక విప్పి చూస్తే నిజంగానే రెక్క మొదట్లో తెల్లగా గుంటలు పడి ఉన్నాయి. డబ్బా దొరకలేదు, ఐసు పెట్టెలు చేసే ధర్మాకోల్ పలకలు రెండు ఫ్యాను ఆకారానికి తొలిచి అటొకటి ఇటొకటి బిగించి ట్యూబు ముక్కతో కట్టాను. ఫర్వాలేదా?

భీమిలి స్పానర్:
మందం ఎంత? రెండంగుళాల లోపు అయితే రెక్క చొచ్చుకొస్తుంది. పైగా ధర్మాకోల్ రేణువులు విరిగి సముద్రంలో కలుస్తాయి, చేపలు తింటాయి. డబ్బా దొరికేదాకా వాడండి, అలాగే వదిలెయ్యకండి.

గోల్డ్‌కోస్ట్ తమ్ముడు:
ఒక్క మాట కలపనా. మన తీరంలో జనవరి నుంచి వేసవి మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ దాకా. ఊపిరికి పైకి వచ్చినప్పుడు ఫ్యాను తగిలి డిప్ప చీలినవి చిన్నప్పుడు నేను ఒడ్డున చూశాను. ఒడిశా చిలికా సరస్సులో డాల్ఫిన్లదీ అదే బాధ. వాటికి బోనూ డబ్బా ఏదీ సాయం చెయ్యదు, ఒడ్డు దగ్గర నెమ్మదిగా నడపడం ఒక్కటే. మనిషికి కూడా అదే వర్తిస్తుంది.

లంగరు72:
ఉప్పాడ తమ్ముడూ, జూన్ 15 దాటింది. ఏమైందో రాయలేదు.

ఉప్పాడతీరం:
క్షమించాలి, పని ఒత్తిడిలో ఆలస్యమైంది.

14 రాత్రి నేను ఇంటికి వెళ్ళాను, చూద్దామనే. మూడు గంటలకి ఒడ్డంతా టార్చి లైట్లు, పూజలు, కొబ్బరికాయలు, ఐసు మోస్తున్నవాళ్ళు. బాబాయి ఇంజను దగ్గర కూర్చుని అలవాటుగా పక్కకి చెయ్యి చాచారు. హ్యాండిల్ ఉండే చోట హ్యాండిల్ లేదు. "ఏదిరా" అని అరిచారు, వెంటనే ఆయనే నాలిక్కరుచుకుని వెనక్కి వెళ్ళి డబ్బా లాగారు. అంతే, ఆ పది సెకన్ల కోసమే నేను రెండు నెలలుగా టెన్షన్ పడ్డది.

మా వరసలో ఇప్పుడు తొమ్మిది తెప్పలకి డబ్బాలున్నాయి. ఆ రోజు నావైపు అలా చూసినవాళ్ళది కూడా అందులో ఉంది. ఒక్కటే ఇబ్బంది, సముద్రంలోకి వెళ్ళినప్పుడు డబ్బా ఎక్కడ పెట్టాలని. ఒడ్డున వదిలితే గాలికి పోతోంది, తెప్పలో పెడితే అడ్డం. నాన్న అందులో టీ ఫ్లాస్కు, బన్ను పొట్లాలు పెట్టి ఇంజను పెట్టెకి వేలాడదీస్తున్నారు. అడుగున చిల్లులు ఉన్నాయి కాబట్టి నీళ్ళు పడినా నిలవవు.

మా మేనల్లుడి మచ్చ నల్లబడింది, ఇంకా కొంచెం దురద ఉందంటున్నాడు. డాక్టర్ గారూ, దానికి ఏమైనా రాయాలా, వదిలెయ్యాలా?

డెల్టాడాక్టర్:
కొబ్బరినూనె పలచగా రాసి మెల్లగా మర్దన చెయ్యండి, ఎండ తగలకుండా చూడండి. గోకనివ్వకండి. మచ్చ ఉబ్బెత్తుగా పెరుగుతుంటే మాత్రం ఒకసారి తీసుకొచ్చి చూపించండి.